కాయిల్ పైకొసన కరెంటు

పొడవు చాలని ఏంటెనాకు చుట్టే లోడింగ్ కాయిల్‌లో, కింద ఎంత కరెంటు ఎక్కితే పైనా అంతే ఉంటుందని హామ్ రేడియో మిత్రులందరికీ పాఠం చెప్పేశాను. ఆమదాలవలస బావ నమ్మలేదు. ఆదివారం మా మేడెక్కి, అక్కడున్న నా ఏంటెనా కాయిల్ రెండు కొసల్లోనూ చెరో చిన్న బల్బు పెట్టి, గురువుగా నా హోదాను వాటి చేతుల్లో పెట్టాడు. ఏంటెనాలోకి సిగ్నల్ పంపే మోర్స్ కీ నేను నొక్కాను. కింది బల్బు భేషుగ్గా వెలిగింది. పైది మినుకుమంది.

“అది పాత బల్బు బావా!” అన్నాను.

బల్బులు తారుమారు చేశాడు. ఈసారీ పైదే నీరసించింది.

“గాలి తగులుతున్నట్టుంది.”

“ఇది దీపమేటి, గాలికి ఊగడానికి? పైకెళ్లేకొద్దీ తగ్గుతాదని సెప్తే ఇన్నావా? ఆ ముక్క రేడియోలో సెప్పు, అందరూ ఇంతారు.”

నా పాఠం తప్పని మైకులో వీలైనంత మెల్లగా ఒప్పుకున్నాను.

“సరిగ్గా ఇనబళ్లేదు, మళ్లీ సెప్పండి,” అన్నారు మిత్రులు.

నాలుగుసార్లు చెప్పించుకున్నారు.