ఒక జోడి గౌరమీలు

చిన్న పిల్లలున్న ఇంట్లో ప్రమాదాన్ని అందరికంటే ముందు పసిగట్టేది నేనేనని గట్టిగా నమ్మిన రోజులవి. పొంగే పాలు, బాల్కనీ గ్రిల్, లిఫ్టు తలుపు, గొంతుకు అడ్డం పడగల ద్రాక్షపండు, అన్నిటికీ నా దగ్గర భయం ముందే సిద్ధంగా ఉండేది. అలాంటి నేను తెల్లాపూర్‌లోని మా అద్దె ఇంట్లో, రెండడుగుల అక్వేరియంలో జరుగుతున్న దాడిని నాలుగు రోజులు చిరునవ్వుతో చూశాను. ఆ సాయంత్రం నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఏడేళ్ల మా అమ్మాయి అద్దానికి ముక్కు ఆనించి చేపల దాగుడుమూతలకు వ్యాఖ్యానం చెబుతోంది. "అమ్మా, రాణి దొంగ. రాజు పైపు వెనకాల దాక్కున్నడు. మళ్ళ రాణే దొంగ!" నా చేతిలో కత్తి ఆగింది. దాగుడుమూతల్లో దొంగ మారాలి కదా. నాలుగు రోజులుగా మారలేదు.

రాజు, రాణి అంటే మేము కొన్న రెండు బుల్లి గౌరమీలు. అగ్గిపెట్టె కంటే కాస్త పొడవు, ఒంటి నిండా నీలం ఎరుపు చారలు, గడ్డం కింద మీసాల్లాంటి రెండు సన్నటి తీగలు. దగ్గరికెళ్లి చూస్తే రాజు తోక అంచు చీలికలై ఉంది. ఫిల్టరు పైపుకీ గోడకీ మధ్య సందులో ఇరుక్కుని, ఈ జాతి చేపలకు తప్పని గాలి గుక్క కోసం పైకి వచ్చినప్పుడల్లా రాణి చేతిలో (నోటిలో అనాలి) దెబ్బ తిని మళ్ళీ సందులో దూరుతోంది. వేసిన మేత వేసినట్టే అడుగుకు చేరుతోంది. తినకుండా ఎన్నాళ్లుంటుంది? "ఇద్దరూ మంచి ఫ్రెండ్స్ కదమ్మా?" అన్నాడు నాలుగేళ్ల మావాడు. ఆ మాట వాడికి నేర్పింది నేనే.

ఇంత జరిగింది అజాగ్రత్త వల్ల కాదు, అతిజాగ్రత్త వల్ల. నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏది దేనితో కలిసి పనిచేస్తుందో పట్టిక వేసి చూడటం నా వృత్తి. చేపలు కొనేముందు కూడా అలాంటి పట్టికే వేశాను. పైన వరుసలో చేపల పేర్లు, పక్కన నిలువుగా అవే పేర్లు. టైగర్ బార్బ్‌లు గౌరమీల మీసాలు కొరుకుతాయి, కొట్టివేత. ఫైటర్ చేప గౌరమీని శత్రువనుకుంటుంది, కొట్టివేత. గోల్డ్ ఫిష్‌కి చల్లని నీళ్లు కావాలి, అదీ కొట్టివేత. చివరికి గుంపుగా తిరిగే చిన్న రస్‌బోరాలు ఆరు, అడుగున మేత ఏరుకునే కోరీలు నాలుగు, అందానికి గౌరమీలు రెండు నెగ్గాయి. మా ఆయన ఆ పట్టికను చాలాసేపు చూశారు. "మీ నాన్నగారు నా గురించి కూడా ఇంత వాకబు చేయలేదే" అన్నారు (గోదావరి వైపు మనిషి, నొప్పి తెలియకుండా గిల్లుతారు).

అయితే అలాంటి పట్టికలో ఒక అలవాటు ఉంది. గౌరమి అడ్డవరుస, గౌరమి నిలువు వరుస కలిసే గడిలో ఏమీ రాయం. ఒక గీత పెట్టి వదిలేస్తాం. దేన్నైనా దానితోనే పోల్చి చూసేదేముంటుంది? నేనూ గీత పెట్టాను. మిగతా గడులన్నీ ఆకుపచ్చగా వచ్చేసరికి ఎంత తృప్తిపడ్డానో చెప్పలేను.

కత్తి పక్కన పెట్టి మియాపూర్‌లో మాకు చేపలు అమ్మిన చాచాకి వీడియో కాల్ చేశాను. ఫోన్ అద్దానికి ఆనించి చూపించాను.

"మేడం, జర వెనకకు జరగండి, మీ ఏలే కనిపిస్తుంది. ఆఁ, కొడుతుంది. మస్తు కొడుతుంది. రెండూ మగయే కదా, కొట్టక ఏం జేస్తయి?"

"రెండూ మగవా? నేను జోడి అడిగితిని కదా చాచా!"

"జోడే ఇచ్చిన. చెప్పుల జోడి ఉంటది, గాజుల జోడి ఉంటది. ఒక్క తీరుగ రెండు. సేమ్ టు సేమ్ కావాలె అని మీ పాపనే ఏరింది."

"జోడి అంటే మొగుడూ పెళ్లాం అనుకున్న!"

"గట్లయితే మియా బీవీ అనాలె మేడం. అయినా ఆడదానికి గీ రంగుండది, సాదాగ తెల్లగుంటది. ఎవ్వలు కొనరు, గందుకే నేను తేను."

రంగురంగులది ఆడదే అయి ఉంటుందన్న మా అందరి ధీమా, కాస్త ఎక్కువ మెరిసేదానికి రాణి అని పెట్టిన పేరు, రెండూ ఒక్క మాటతో పోయాయి. వెనక నుంచి మా ఆయన నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఇప్పుడెట్ల చాచా?"

"పరేషాన్ గాకండి. దెబ్బలు తిన్నదాన్ని యాడికీ తేకండి, తొవ్వలనే పోతది. కొట్టేదాన్ని తెండి, నేను పెట్టుకుంట. జల్దీ తెండి, ఇంకో రెండు రోజులైతే తెచ్చేటి పనే ఉండది."

కొట్టేదంటే రాణి. మావాడి ప్రాణం. రోజూ స్కూలుకి వెళ్తూ టాటా చెప్పేది దానికే. ఆ రాత్రికి బియ్యం కడిగే ప్లాస్టిక్ బుట్టను అక్వేరియం అంచుకు బట్టల క్లిప్పులతో తగిలించి, సగం నీళ్లలో మునిగేలా పెట్టి, రాజును అందులోకి ఎక్కించాం. (ఈ పనికి మేమిద్దరం గంట సేపు తీసుకున్నాం, కోరీలు రెండుసార్లు పొరపాటున అరెస్టయ్యాయి.) రాణి బుట్ట చుట్టూ పహరా తిరిగింది. తెల్లవారేసరికి రాజు మెల్లగా పైకి వచ్చి, ఒక గింజ నోట్లో వేసుకుని, ఉమ్మి, మళ్ళీ వేసుకుని మింగింది. నేను మా ఆయన భుజం మీద గట్టిగా కొట్టాను. ఆయన నొప్పి అని కూడా అనలేదు.

ఇక పిల్లలకు చెప్పాలి. రాణి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిందని చెబుదామన్నారు మా ఆయన. నాకెందుకో మనసొప్పలేదు. పాల గ్లాసుల ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. రెండూ మంచివే, రెండూ మగవే, ఇంత చిన్న తొట్టిలో కలిసి ఉండలేవు, అది ముందే కనుక్కోకపోవడం నా తప్పు, సాయంత్రం రాణి చాచా దగ్గరికి వెళ్లిపోతుంది. అమ్మాయి కళ్లు తుడుచుకుని, "చాచా దగ్గర పెద్ద తొట్టి ఉంటదిలే" అంది. మావాడు మాత్రం పాలు తాగడం ఆపి, అక్కను చూసి, నన్ను చూశాడు.

"అమ్మా, అక్కా నేనూ కొట్టుకుంటే ఎవరిని ఇచ్చేస్తవ్?"

అన్నిటికీ భయం సిద్ధంగా పెట్టుకునే అప్పటి నేను ఈ ప్రశ్నను మాత్రం ముందే పసిగట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి ఆ తల్లి మీద జాలి, నవ్వు కలిసి వస్తాయి. నెలనెలా అద్దెకే ఉసూరుమనే మనిషి, మూతికి పాల మీసంతో ఉన్న ఆ పిల్లాణ్ని దగ్గరికి లాక్కుని, ఎంత ధీమాగా చెప్పిందో:

"చేపలు కొట్టుకుంటే చేపను మారుస్తం నాన్నా. మీరు కొట్టుకుంటే ఇల్లు మారుస్తం."