నాలుగురోజుల మేస్త్రి

మా ఆయన వడ్రంగి. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు, "నాలుగురోజుల మేస్త్రి" అంటారు. వేసవి చివర్లో చల్లటి జల్లులు మొదలయ్యాయంటే ఇంటింటా తలుపులు తడికి ఉబ్బి గుమ్మాల్లో బిగుసుకుపోతాయి. అందరూ ఈయన కోసం పరిగెత్తుకొస్తారు. ఈయన తాపీగా వెళ్ళి, అరచేత్తో తలుపు మీద రెండు దెబ్బలు వేసి, "ఇప్పుడు చెక్కితే పాడవుతుందండీ. నాలుగు రోజులు ఎండ కాయనివ్వండి, దానంతటదే సర్దుకుంటుంది" అని చెప్పి వచ్చేస్తారు. చిత్రిక సంచిలోంచి బయటికి రానే రాదు. చేతికొచ్చిన పనిని వద్దనే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను పాతికేళ్ళుగా రోజూ చూస్తున్నాను.

ఈ ఏడు జల్లులు పది రోజులు వదల్లేదు. హాయిగానే ఉంది, కాదనను. ఫ్యాను కట్టేసి దుప్పటి కప్పుకుని పడుకున్నాం. కానీ బుధవారం పొద్దున మా అత్తగారు స్నానానికి వెళ్ళి లోపలే ఉండిపోయారు. తలుపు రాదే! ఆవిడ లోపల్నుంచి లాగుతున్నారు, నేను బయటనుంచి భుజం ఆనించి తోస్తున్నాను. అరగంట కుస్తీ పడితే గాని ఊడి రాలేదు.

"ఊరందరి తలుపులూ చూస్తాడు, కన్నతల్లిని మాత్రం స్నానాలగదిలో ఖైదు చేస్తాడు!" అని ఆవిడ అగ్గి మీద గుగ్గిలమయ్యారు.

భోజనానికొచ్చిన ఈయన ఏమన్నారో చెప్పాలా? "నాలుగు రోజులాగమ్మా." నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం బడి నుంచి కబురొచ్చి ఆయన అటు వెళ్ళగానే, చెక్క పని మిషనుతో చేసే వెనకవీధి మేస్త్రిని పిలిపించాను. మా ఆయన పనులన్నీ ఒక్కొక్కటిగా తన్నుకుపోతున్నవాడే. అయినా పిలిచాను. అత్తగారు వీధిగుమ్మంలో కాపలా. అతను కరెంటు చిత్రికతో బుర్రుమని ఐదు నిమిషాల్లో తలుపు అంచు చెక్కిపారేశాడు. తలుపు వేలితో తోస్తే చాలు, వెళ్ళి పడుతోంది. అత్తగారు నాలుగుసార్లు వేసి తీసి మురిసిపోయారు. నేను రాలిన చెక్కపొట్టంతా ఊడ్చేశాను.

సాయంత్రం ఈయనొచ్చి, లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కుని, కిమ్మనకుండా బయటికొచ్చారు. గమనించలేదులే అని ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు అసలు సంగతి చెప్పారు. సోమవారం బడి తెరుస్తున్నారు. పన్నెండు గదుల తలుపులూ పడటం లేదు. పెద్దటీచరమ్మకి కూడా ఈయన అదే పాట పాడి వచ్చారు. "శనివారం దాకా చూస్తాను మేస్త్రీ. అప్పటికీ పడకపోతే ఆదివారం మిషను పెట్టిస్తాను. ఈ ఏడాది బెంచీల పని, అలమారాల పని కూడా తలుపులు ఎవరివల్ల పడితే వాళ్ళకే" అందట ఆవిడ. ఏడాది పొడుగునా పని! మా ఇల్లంతా దాని మీదే ఆశ పెట్టుకుని ఉంది.

గురువారం పొద్దున్నే మబ్బు విడిచింది. శుక్రవారం ఎండ చురుక్కుమంది. శనివారం నేను స్నానానికెళ్ళి గడియ పెట్టి తలెత్తి చూద్దును కదా, తలుపుకీ గుమ్మానికీ మధ్య రెండు వేళ్ళ సందు! అందులోంచి వంటింట్లో పొయ్యి మీద పాలగిన్నె కనిపిస్తోంది.

"ఏమే, నువ్వు కనిపిస్తున్నావే!" అని వంటింట్లోంచి అత్తగారి కేక.

తువ్వాలు అడ్డం కట్టి ఎలాగో బయటపడ్డాను. చెక్క ఆరి వెనక్కి తగ్గింది, మేం చెక్కించేసిన అంచు ఇంక రాదు.

మధ్యాహ్నం ఆయన మొహం వేలాడేసుకుని వచ్చారు. బడి తలుపులు పాతకాలపు మందం చెక్కలు, ఇంకా బిగువు వదల్లేదు. రేపే రమ్మని మిషను మేస్త్రికి కబురు వెళ్ళిపోయింది.

"పని పోతే పోయిందే. ఇంకొక్కరోజు ఆగితే సరిపోయేదానికి పన్నెండు తలుపుల్నీ పాడుచేసేస్తారు" అని కంచం ముందు నుంచి లేచిపోయారు.

చెప్పులేసుకుని తిన్నగా బడికెళ్ళాను.

"మేడం, ఒక్కసారి మా ఇంటికి రండి. మీకో తలుపు చూపించాలి."

ఆవిడ విసుక్కుంటూనే వచ్చింది. స్నానాలగదిలోకెళ్ళి తలుపేసుకుంది.

"ఏమ్మా, మీ పొయ్యి కనిపిస్తోంది నాకు!"

"అవును మేడం. బుధవారం తడిమీద నేనే మిషనుతో చెక్కించాను. ఊరందరికీ మా ఆయన చెప్పే మాట, ఇంట్లో నేనే వినలేదు."

అని ఇటు తిరిగితే వెనకాల ఆయన! సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అత్తగారు చల్లగా జారుకున్నారు.

టీచరమ్మ పకపకా నవ్వుతూ బయటికొచ్చింది. "నా గదులకి ఈ కిటికీలు వద్దు తల్లీ. సోమవారం పొద్దున దాకా ఆగుతాను. మేస్త్రీ, అప్పటికీ పడకపోతే మాత్రం నేను వినను."

ఆదివారం ఎండ మాడ్చేసింది. జన్మలో ఎండకి అంత మొక్కుకోలేదు నేను. ఆయన మాత్రం తలుపు ఊసే ఎత్తలేదు. తిట్టినా బాగుండును.

సోమవారం పొద్దున టీచరమ్మ స్వయంగా పన్నెండు తలుపులూ వేసి చూసిందట. పన్నెండూ పడ్డాయి! ఏడాది పని మాకే వచ్చింది. నేను గంతొక్కటే వెయ్యలేదు.

సాయంత్రం ఆయన మంచం కిందనుంచి సన్నటి చెక్కబద్ద తీశారు. స్నానాలగది తలుపు సందు కొలిచి, బద్దని ఆ కొలతకి చెక్కి, అంచుకి అతికించి మేకులు కొట్టారు.

"ఈ బద్ద ఎప్పుడు తెచ్చారు?"

"బుధవారం సాయంత్రమే. మిషను పొట్టు పొడిపొడిగా ఉంటుంది, నా చిత్రిక పొట్టు చుట్టలు చుట్టుకుంటుంది. మూలన నువ్వు సరిగ్గా ఊడవలేదే."

"అంటే అప్పట్నుంచీ తెలుసా! మరి నన్నొక్క మాటా అనలేదేం?"

ఆయన చివరి మేకు కొట్టి, అరచేత్తో తలుపు మీద రెండు దెబ్బలు వేశారు.

"ఆరోజు నువ్వు మంచి కోపం మీదున్నావు. నాలుగు రోజులు ఆగితే నీ అంతట నువ్వే చెబుతావనుకున్నాను."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈలోగా అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, మా ఇద్దర్నీ పక్కకి జరగమని, తలుపు నాలుగుసార్లు వేసి తీసి చూసుకున్నారు.