కరుణమ్మ టీచరుగారి పేగు పరీక్ష

నా నోట్లో మాట నిలవదు, పొట్టలోది కదలదు. నన్ను బిగించిన మేస్త్రీ ఎవరోగాని, పై పైపు వదులుగానూ కింది పైపు బిగుతుగానూ పెట్టేశాడు. మొన్న ఏలూరు ఆసుపత్రిలో నర్సమ్మ నా అరచేతిలో ఒక గొట్టం మాత్ర పెట్టింది. నున్నగా, చల్లగా ఉంది. లోపల చిన్న చిన్న తెల్లటి రింగులు. వెలుగులోకి ఎత్తి చూశానో లేదో, పక్కన కరుణమ్మ టీచరుగారు నిలబడి "ఏం కనిపిస్తోందిరా అబ్బులూ?" అని అడిగినట్టయింది. ఆవిడ పోయి చాలా కాలమైంది.

ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి నేను ఆకివీడు చేపల లారీలెక్కేదాకా మాకు సైన్సు చెప్పింది ఆవిడే. తర్వాత నేను ఆటో కొన్నాను, ఆవిడ రిటైరయ్యారు. మా మండవల్లి నుంచి ఎక్కడికి వెళ్ళాలన్నా నాకే కబురు. ఆవిడది ఏళ్ళనాటి మలబద్ధకం, ఏ మందుకూ లొంగలేదు. పేగంతా మందగించి ఉంటే కొంత కోసెయ్యాల్సి రావచ్చని డాక్టరుగారు అన్నప్పుడు, ఆవిడ చెయ్యి చీర కొంగును గట్టిగా పట్టుకోవడం చూశాను. అంత భయంలోనూ, ముందు పరీక్షకని ఇచ్చిన ఇలాంటి మాత్రే అందుకోగానే "ఈ రింగులు కరగవా అండీ?" అని అడిగారు. కరగవట. పేగులో ఎంత దూరం వెళ్ళాయో కొన్నాళ్ళాగి ఎక్స్‌రేలో చూస్తారట. "చేలోకి నీళ్ళు రాకపోతే కాలవలో ఊక వేసి, ఎక్కడ ఆగిందో చూస్తాం కదండీ, అదేనండీ" అన్నాను. వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "అదేరా. ఎక్కడ ఆగిందో తెలియకుండా కాలవంతా తవ్వకూడదు" అన్నారు.

ఎక్స్‌రే అయ్యేదాకా విరేచనాల మందు ముట్టకూడదన్నారు. ఆ సంగతి ఊరికేం తెలుసు? చర్చి నుంచి ఒకావిడ ఆముదం తెచ్చారు, ఎదురింటావిడ బొప్పాయి పండు. నేనైతే సిగ్గుతో చచ్చేవాణ్ణి. టీచరుగారు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, పేగు బొమ్మ గీసి మరీ చెప్పారు. "ఇది పరీక్షండీ. పేగును సొంతంగా రాయనివ్వండి. పక్కనుంచి అందించకండి."

ఎక్స్‌రే చూపించే రోజు ఆటోలో కూర్చోలేక నేనూ లోపలికి వెళ్ళాను. తెర మీద రింగులన్నీ చివరికంటా వచ్చి, గుమ్మం దగ్గర గుంపుగా ఆగిపోయి ఉన్నాయి. "పేగు బాగానే నడుస్తోందండీ. వదలాల్సినప్పుడు కింది కండరాలు బిగుసుకుంటున్నాయి, అంతే. కోత మాట అక్కర్లేదు. ఎలా కూర్చోవాలో, ఎలా వదలాలో మేం నేర్పిస్తాం" అన్నారు డాక్టరుగారు. టీచరుగారు కొంగు వదిలేశారు. తెర దగ్గరికి వెళ్ళి, ఒక్కో రింగునూ వేలితో చూపిస్తూ "ఇంత దూరం వచ్చారా మీరు!" అన్నారు, పిల్లల్ని మెచ్చుకున్నట్టు.

అడగడానికి సిగ్గుపడకపోవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మొన్న నేను వేసిన ప్రశ్నలకు నర్సమ్మ ఓపిగ్గానే జవాబు చెప్పింది గాని, నా వెనక వరుసే విసుక్కుంది. మాత్ర మింగుతుంటే టీచరుగారి మాట ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు బయటికొస్తూ, సంతోషం పట్టలేక, "ఈ వయసులో కూర్చోవడం నేర్చుకోవడానికి క్లాసులేంటండీ టీచరుగారూ?" అన్నాను. ఆవిడ ఆటో ఎక్కి, కొంగు సర్దుకుని అన్నారు:

"కూర్చోలేక ఏడో తరగతిలోనే పారిపోయినవాడివి, నువ్వా అడిగేది? నాతో రారా, వెనక బెంచీ నీకే ఉంచుతాను."