మీటరు మీది అమ్మవారి స్టిక్కరు

ఈ రోజు నెల్లికుదురు దాటగానే నా ఆటోమేటిక్ కారు మూడో గేరులో ఇరుక్కుపోయింది. ఎలాగోలా మహబూబాబాద్ మెకానిక్ దగ్గరికి చేర్చాను. ఆయన మీటరు అద్దం మీదున్న అమ్మవారి స్టిక్కరును గోటితో లేపాడు. దాని వెనక గేరుబాక్సు హెచ్చరిక లైటు వెలుగుతోంది.

“గేర్‌బాక్స్ వైరింగు ఖరాబై శాన రోజులైందన్నా. గిది కనబడొద్దనే అతికించిన్రు.”

ఆ కారు నాకు అమ్మింది, ఆ స్టిక్కరు భక్తిగా అతికించి ఇచ్చింది మా బావమరిదే. వెంటనే ఫోన్ చేశాను. వాడేమీ తడబడలేదు.

“తియ్యద్దని అప్పుడే చెప్పిన గద బావా.”

ఆర్నెల్లుగా రోజూ బండెక్కగానే దాన్ని తాకి కళ్లకద్దుకున్నాను. మీ బండిలోనూ స్టిక్కరుంటే, ముందు అది ఎవరు అతికించారో గుర్తు చేసుకోండి. చుట్టాలైతే మొక్కకండి, పీకి చూడండి.