తల్లుల పేర్లు రాసిన సంఘం పుస్తకం

మొన్న వానలో బియ్యం బస్తా తడిసి వచ్చింది. వసారాలో దింపించగానే తడి గోనె వాసన గుప్పుమంది. దానితోపాటే మా కరుణమ్మ పిన్నిగారు గుర్తొచ్చారు. ఆవిడ చీరకొంగుకీ చేతులకీ ఎప్పుడూ అదే వాసన.

పంతొమ్మిది వందల ముప్పైలలో, ఏలూరులో, మా పక్కింట్లో ఉండేవారావిడ. జనపనార మిల్లులో గోనెసంచుల అంచులు కుట్టే పని. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. నాన్నగారే ఇంట్లో బైబిలు ముందుపెట్టి అక్షరాలు దిద్దించారు. ఆ నాలుగు ముక్కలూ మరొకరికి అక్కరకొచ్చేలా చేసింది మాత్రం పిన్నిగారే. అందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

మిల్లులో మగవాళ్ళు చుట్ట కాల్చుకోవడానికి బయటికి వెళ్ళొచ్చేవారు. పసిబిడ్డల తల్లులకు మాత్రం మధ్యాహ్నం కూత వేసేదాకా గేటు తెరిచేవారు కాదు. బయట ముసలమ్మల చేతుల్లో బిడ్డలు ఏడుస్తుంటే, లోపల తల్లుల రవికలు తడిసిపోయేవి. పొద్దుట ఒకసారి పాలిచ్చి రానివ్వాలని పిన్నిగారి పట్టుదల. ఆదివారం కూలీల సంఘం కోర్కెల జాబితా తేల్చబోతోంది. సంఘం పుస్తకంలో పేరున్నవాళ్ళే ఓటుకు చెయ్యెత్తాలి. అందులో ఆడపేరు ఒక్కటీ లేదు. పిన్నిగారు కార్యదర్శిగారి వెంటపడి, "సరే, పుస్తకం తీసుకెళ్ళి శనివారం సాయంత్రంలోగా పేర్లు రాయించి తెండి" అనిపించుకున్నారు. రాయడానికి వాళ్ళింట్లో నన్ను కూర్చోబెట్టారు.

నాకు పదహారేళ్ళు. శ్రద్ధగా గీతలు గీసి, పేరు, దాని పక్కన భర్త పేరు అని గడులు పెట్టాను. ముందుగా రమణమ్మ వచ్చింది, చంకలో బిడ్డతో.

"మీ ఆయన పేరేమిటండీ?"

రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఆయన పేరు నా నోటితో ఎలా అంటానండీ!"

"అంటే పళ్ళు రాలిపోతాయేంటే?" అంది వెనకనుంచి ఒకావిడ.

"ముందు నువ్వనవే, చూస్తాను!"

చివరికి, "ద్వారకా తిరుమల కొండమీద ఉన్నాయన పేరేనండీ," అంది రమణమ్మ. వెంకటేశ్వర్లు అని రాశాను. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

తలెత్తి చూసేసరికి వరస పల్చబడింది. మొగుడు వదిలేసిన నాగమ్మ, మొగుడు పోయిన సూరమ్మ అప్పటికే గడప దాటుతున్నారు. వాళ్ళ వెనక మరికొందరు.

పిన్నిగారు పుస్తకంలోకి వంగి చూశారు. "ఈ గడి ఎవరు పెట్టమన్నారమ్మా?"

"నేనే పెట్టానండీ. అలాగే రాస్తారు కదా అని..."

నన్ను ఒక్క మాట అనలేదు. "కొట్టెయ్. సంచులు కుట్టేది వీళ్ళు, వీళ్ళ మొగుళ్ళు కాదు. అంతగా ఇంకో పేరు కావాలంటే అమ్మ పేరు రాయి," అని గడపవైపు తిరిగారు. "ఒసే నాగమ్మా, ఎక్కడికే? మీ అమ్మ పేరు చెప్పడానికి కూడా సిగ్గేనా?"

నాగమ్మ వెనక్కి వచ్చింది. "పోలమ్మండీ," అంది మెల్లగా, ఎన్నాళ్ళకో ఆ పేరు పలికినట్టు. సూరమ్మా వచ్చింది. వెళ్ళినవాళ్ళందరూ వచ్చారు.

పుస్తకం చూసి కార్యదర్శిగారు నొసలు చిట్లించారు. "తల్లి పేరేమిటండీ, ఎక్కడైనా విన్నామా?"

"మీరు మీ అమ్మగారి పాలు తాగలేదాండీ? మేమడిగేదీ ఆ పాల గురించే కదండీ," అన్నారు పిన్నిగారు, గొంతు పెంచకుండా.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని సంతకం పెట్టేశారు. ఆదివారం ఆడవాళ్ళు చేతులెత్తారు. కోరిక జాబితాకెక్కింది. కొన్నాళ్ళు బెట్టు చేసి మిల్లువాళ్ళు ఒప్పుకున్నారు. గేటు తెరిచిన తొలి పొద్దుట నేనూ చూడ్డానికి వెళ్ళాను. రమణమ్మ కంకరమీదే కూలబడి బిడ్డకు పాలిస్తోంది. ఎవరి కంటా పడకుండా పిన్నిగారు కొంగు చాపి అడ్డంగా నిలబడ్డారు. ఆవిడకు పిల్లలు లేరు.

ప్రార్థనలో ఫలానావారి భార్య అని ఎవరికోసమూ వేడుకోను నేను. పేరు తెలియకపోతే మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి అడిగి వస్తాను.