నాగజెముడు శ్రీమంతం

హుజూరాబాద్‌లో కడుపుతో ఉన్న ఆడపిల్లలకు శ్రీమంతం చేసేవాళ్ళు ఎందరో ఉన్నారు. నాగజెముడుకు శ్రీమంతం చేసేది మాత్రం రాధాబాయి ఒక్కతే.

ఫాల్గుణం వచ్చిందంటే ఆమెకు ఇల్లూ పట్టదు, మొగుడూ పట్టడు. తెల్లారగానే డాబా ఎక్కి, ఎడారి మొక్కల కుండీల ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. ఎక్కడ చిన్న బొడిపె కనిపించినా వాడంతా వినబడేలా కేక పెడుతుంది. ఆ కేకకు కింద గడ్డం గీసుకుంటున్న ఆమె భర్త జగన్మోహన్‌రావు చెంప ఎన్నిసార్లు తెగిందో!

"ఏమైందే?"

"నాగజెముడు నీళ్ళోసుకున్నది!"

"నెలకోసారి చెంచెడు పోస్తవు. గంతకే నీళ్ళోసుకున్నదా?"

ఇంట్లో ముళ్ళ మొక్క ఉంటే కొట్లాటలొస్తాయని చుట్టాలు బెదిరించారు. "మా కొట్లాటలు పెండ్లినాటి సంది ఉన్నయి. మొక్క మొన్న వచ్చింది" అంది రాధాబాయి.

ఆమెకు లేని సిగ్గంతా ఆయనే పడ్డాడు. చాయ్ హోటల్లో అడుగుపెడితే చాలు, "రావు సాబ్, ఎన్నో నెల?" అని పరామర్శలు. ఓసారి ఉండబట్టలేక బతిమాలాడు: "మల్లెచెట్టుకు చెయ్యరాదే? జర మర్యాదగనన్న ఉంటది."

"మల్లెకు చెయ్య. గీ దానికే చేస్త. ఎవలేమంటరో అననియ్యుండ్రి!"

ఈ ఏడు శ్రీమంతం పూటకు ఊరొదిలి పోదామనుకున్నాడు. కానీ వంటింట్లోంచి సకినాల వాసన వచ్చింది. పౌరుషం కాస్త వాయిదా పడింది.

డాబా మీద వాడలోని ఆడవాళ్ళు చేరారు. నాగజెముడుకు పసుపు, కుంకుమ, మెడలో పూలదండ. లేత మట్టల అంచున పచ్చటి మొగ్గలు. రాధాబాయి ఆకుపచ్చ గాజులు తీసి, పక్కింటి కోడలు సృజన చేతిలో పెట్టింది. "ముందుగాల నువ్వే తొడుగు బిడ్డా."

సృజన పెళ్ళయి ఏళ్ళయింది. పిల్లలు లేరు. వాడలో ఎవరింట శ్రీమంతమైనా ఆమెను పెరట్లో సకినాలు కాల్చడానికి పిలుస్తారు, గాజులు తొడగడానికి పిలవరు. అందుకే ఆ పిల్ల గాజులను కొంగుతో రెండుసార్లు తుడిచి, కుండీ ముందు కూర్చుంది.

అంతలో ఆమె అత్త కిష్టవ్వ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "సృజనా, లే! పిల్లలు గానోళ్ళు ముందుగాల గాజులు తొడిగితే దిష్టి అనరా? నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?"

సృజన లేవబోయింది. ఇప్పుడు లేస్తే ఇక జన్మలో ఏ పేరంటంలోనూ కూర్చోదు.

"కూసో!" అని గదమాయించింది రాధాబాయి. "ముండ్లకు దిష్టి తగిలింది ఎన్నడన్న చూసినవా కిష్టవ్వా? నీ కొడుకేమో దుబాయిల ఉండె. రెండేండ్లకోసారి వచ్చి నెల రోజులుంటడు. పిల్లలేమన్న విమానంల పార్సిల్ వస్తరా?"

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. డాబా మూల కూర్చున్న జగన్మోహన్‌రావు నోట్లో సకినం నోట్లోనే ఆగింది. మల్లెకు చేస్తే ఎవరో ఒకరు దిష్టంటారని ఆయనకు అప్పుడు తట్టింది. ముళ్ళకు చేస్తే అనడానికి ఎవరికీ నోరుండదు. ఇన్నాళ్ళు ఇంత మనిషిని పక్కన పెట్టుకుని చాయ్ హోటల్ వాళ్ళకు భయపడ్డందుకు ఆయనకు తన మీదే కోపం వచ్చింది.

"తొడుగు బిడ్డా! ఎవలేమంటరో నేను చూస్త!" అని అరిచాడు.

"మిమ్ముల ఎవలడిగిండ్రు? సకినాలు తినుండ్రి" అంది రాధాబాయి.

సృజన తొడిగింది. గాజు ముళ్ళను దాటుకుని మొగ్గ పక్కన నిలబడింది.

కిష్టవ్వ మాత్రం మెట్ల దగ్గరే ఉండిపోయింది. మొగుడు పోయినప్పటి నుంచి ఏ శుభకార్యంలోనూ ఆమె ముందుకు రాలేదు. రాధాబాయి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని గుంజుకొచ్చింది.

"నేనా? నేను ముట్టద్దు రాధక్కా!"

"ఎవలకు మొగడున్నడో, ఎవలకు లేడో ముండ్లకు ఎరుకనా? తొడుగు!"

కిష్టవ్వ అందరి మొహాలూ చూసింది. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కోడలి పక్కన కూర్చుని, ఓ మట్టకు గాజు ఎక్కించబోయింది. వేలికి ముల్లు కసుక్కున దిగింది.

"అవ్వో!" అని వేలు నోట్లో పెట్టుకుని కసిరింది. "గీ గాజులు పడ్తలెవ్వు రాధక్కా! వచ్చే యేడు నేనే పెద్దయి తెస్త."