నీలం తిరిగిన పిండి

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉండగా నా భార్యను పట్టుకుని, "గ్రైండరు సరిగ్గా కడిగితే గదా!" అన్నాను.

మాది కోయంబత్తూరు శివారులో తెలుగువాళ్ళ పాత వీధి. నా భార్య ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. వీధిలో సగం ఇళ్ళకు పొద్దుటి ఇడ్లీ ఆమె పిండితోనే. కుళాయి నీళ్ళు పనికిరావు, మా బావి నీళ్ళే పోయాలి అంటుంది. ఆ పొద్దున ఎదురింటావిడ గిన్నె వెనక్కి తెచ్చింది.

"ఏమక్కా, పిండి నీలంగా ఉండాది? పండగొస్తాదని ఇడ్లీకీ రంగేసినావా?"

వెనకున్నవాళ్ళు నవ్వారు. నా భార్య ముఖం పాలిపోయింది. అన్నేళ్ళ పేరు ఆ గిన్నెలో ఉంది. నేను ఆమె పక్కన నిలబడాల్సింది పోయి ఆ మాట అనేశాను.

ఎందుకన్నానో ఇప్పుడు చెప్పగలను. రెండు నెలల ముందు మేడమీది గదిని ఒకతనికి అద్దెకిచ్చాను. అంతకు ముందు అడగవచ్చిన తమిళ కుర్రవాళ్ళను ఉద్యోగం కాగితం, ఆధార్, సొంత ఊరి చిరునామా అని పోలీసులా విచారించేవాణ్ణి. ఇతను గేటు దగ్గరే, "మాది కంబం అన్నా, ఊరు అరవమైనా ఇంట్లో తెలుగే" అన్నాడు. ఇంటిపేరు అడిగాను, చెప్పాడు. అంతే, తాళంచెవి చేతిలో పెట్టాను, ఆ ఇంటిపేరు వీధంతా చెప్పుకున్నాను. పక్కనున్న అవినాశి కంపెనీల నుంచి బనియన్లు తెచ్చి మడతపెట్టే పని అన్నాడు. మర్నాడు నీలం డ్రమ్ములు పైకి ఎక్కించాడు.

"మడతపెట్టేవానికి డ్రమ్ములేలండి? ఒకసారి చూసి రండి" అంది నా భార్య.

"మనోళ్ళను అట్లా అడుగుతారా? సిగ్గుగా ఉండదా?" అన్నాను.

అందుకే పిండి నీలం తిరిగిన పొద్దున తప్పు గ్రైండరుదే కావాలని నాకు అంత తొందర.

ఆమె గ్రైండరు మళ్ళీ కడిగింది. గుప్పెడు బియ్యం కుళాయి నీళ్ళతో, ఇంకో గుప్పెడు బావి నీళ్ళతో రుబ్బి రెండు గిన్నెల్లో పెట్టింది. కుళాయిది తెల్లగా ఉంది; బావిది, నీళ్ళలో కంటికి ఆనని రంగు పిండిలో తేలి, నీలంగా ఉంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, మేడమీది స్నానాలగది గొట్టం బావి పక్కన భూమిలోకి దిగే చోటు చాలాసేపు చూసింది. గొట్టం అతుకు దగ్గర పగిలి ఉంది. లోపలికొచ్చి, పెళ్ళిళ్ళకు కట్టుకునే నా తెల్ల పంచె తీసుకెళ్ళి ఆ పగులుకు చుట్టింది.

మధ్యాహ్నానికి పంచె నెమలికంఠం రంగుకు తిరిగింది.

దాన్ని పిండకుండా రెండు చేతులా ఎత్తి పట్టుకుని మెట్లెక్కింది. పొద్దున నవ్విన ఆడవాళ్ళు ఆమె వెనకే ఎక్కారు. తలుపు తట్టేసరికి అతను మోచేతుల దాకా నీలంతో బయటికొచ్చాడు. లోపల డ్రమ్ముల్లో బనియన్లు రంగునీళ్ళలో నానుతున్నాయి.

"అక్కా, కొంచెం సర్దుకోండక్కా. మనం మనం ఒకటి గదా."

"ఒకటైతే నీ కూటిలో పోసుకో ఈ నీళ్ళు! మా బావిలో ఏల పోస్తావు?"

"అన్నకు తెలుసక్కా" అన్నాడు నా వైపు చూసి.

"అన్నకు తెలిసింది నీ ఇంటిపేరొక్కటే!" అంది ఎదురింటావిడ. మెట్ల మీద నవ్వు పేలింది. ఈసారి ఆ నవ్వు నా భార్య మీద కాదు.

దీపాలు పెట్టేవేళకు అతని డ్రమ్ములు టెంపోలోకి ఎక్కాయి. ఎక్కించేంతవరకు ఆ ఆడవాళ్ళు కదల్లేదు. నా భార్య వాళ్ళ మధ్య, నడుముకు కొంగు బిగించి, పందెం గెలిచినదానిలా నిలబడింది. అంత గొప్పగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు గొట్టం మార్పించాను. మోటారు పెట్టి బావి తోడించి, తాడు కట్టుకుని నేనే దిగి గోడలు రుద్దాను. ఊట మూడుసార్లు ఊరితే మూడుసార్లూ తోడాక, పరీక్ష చేయించి నీళ్ళు బాగున్నాయని కాగితం తెచ్చాను. ఆ తర్వాతే ఆమె బియ్యం నానబెట్టింది. కొత్త పిండి నేనే మోసుకుని ఇంటింటికీ వెళ్ళాను. ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట చెప్పాను: "తప్పు నాది. ఆమె చెప్పింది, నేను వినలేదు. ఆమె చేతిపనిని నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను." వినకుండా తలుపు వేసుకున్న ఇళ్ళకు మర్నాడు మళ్ళీ వెళ్ళాను.